ఏవీఎల్ చెట్టు పుట్టిన పేట

మాస్కో వెళ్ళినవాళ్ళు రెడ్ స్క్వేర్ చూస్తారు, రంగురంగుల గుమ్మటాల చర్చి ముందు ఫొటో దిగుతారు, బొమ్మలో బొమ్మ ఉండే చెక్కబొమ్మలు కొనుక్కొస్తారు. నేనూ ఆ మూడు పనులూ చేశాను. కానీ నన్ను అంత దూరం లాక్కెళ్ళింది మాత్రం నగరానికి నైరుతిగా ఉన్న చెర్యోముష్కీ అనే పేట. ఇంజనీరింగ్ పిల్లలకు డేటా స్ట్రక్చర్స్ చెబుతూ, ప్రతి ఏడాదీ బోర్డు మీద ఏవీఎల్ ట్రీ గీసి చెరిపేసే మనిషిని. ఆ చెట్టు మొలిచిన నేల ఎలా ఉంటుందో చూడాలని ఎప్పట్నుంచో కోరిక. మా ఆవిడ మాత్రం "చెట్టు చూడ్డానికి రష్యా దాకా ఎందుకండీ, కడియం నర్సరీలకు వెళ్తే సరిపోదూ?" అంది.

కంప్యూటర్ సైన్సు జోలికి పోనివాళ్ళ కోసం అసలు సంగతి ముందే చెప్పేస్తాను. పది లక్షల పేర్లున్నాయి, అందులో ఒక పేరు వెతకాలి. మొదటి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే, అదృష్టం బాగోలేని రోజున పది లక్షలూ చూడాలి. అలా కాకుండా ఒక పేరును పైన నిలబెట్టి, అక్షరక్రమంలో దానికి ముందొచ్చేవన్నీ ఎడమకు, తర్వాత వచ్చేవన్నీ కుడికి పంపి, ఆ రెండు గుంపుల్లోనూ మళ్ళీ అదే పని చేసుకుంటూ పోతే బైనరీ సెర్చ్ ట్రీ తయారవుతుంది. మెట్టు దిగినప్పుడల్లా మిగిలినవాటిలో సగం పేర్లు లెక్కలోంచి తప్పుకుంటాయి. అంతా సమంగా సర్దుకుంటే పది లక్షల పేర్లకు ఇరవై మెట్లు చాలు. ఈ మాట చెప్పినప్పుడల్లా వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు "ఇరవయ్యేనా సార్?" అంటారు.

చిక్కల్లా ఆ 'సమంగా' దగ్గరే. పేర్లు అక్షరక్రమంలోనే వరసగా వచ్చాయనుకోండి, ప్రతి కొత్త పేరూ కుడివైపే చేరుతుంది. చెట్టు కాస్తా తాడైపోతుంది. పది లక్షల పేర్లకు పది లక్షల మెట్లు, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. దీనికి మందు 1962లో మాస్కోలో దొరికింది. కొత్త పేరు చేరిన ప్రతిసారీ ఎడమ కొమ్మ ఎత్తునూ కుడి కొమ్మ ఎత్తునూ చూడాలి, తేడా ఒకటి దాటిందంటే అక్కడికక్కడే కొమ్మను తిప్పి సరిచేయాలి. అప్పుడు పది లక్షల పేర్లకు ఎంత చెడ్డా 28 మెట్లు మించవు. మా పిల్లల్లో చాలామంది ఏవీఎల్ అంటే ముగ్గురు శాస్త్రవేత్తలని పరీక్షలో రాస్తారు. ఇద్దరే. మొదటి రెండక్షరాలూ గియోర్గి అదెల్సన్-వెల్‌స్కీవి, మూడోది యెవ్‌గేనీ లాండిస్‌ది.

ఢిల్లీలో విమానం ఎక్కి షెరెమెత్యేవోలో దిగాను. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మనవాళ్ళకిప్పుడు ఈ-వీసా ఇస్తున్నారు కాబట్టి ఆ తిప్పలు లేవు. కానీ మన వీసా, మాస్టర్‌కార్డులు 2022 నుంచి అక్కడ పనిచేయవు, నోట్లు పట్టుకెళ్ళి మార్చుకోవాల్సిందే. ఇక్కడ కొబ్బరిబోండాం కొన్నా ఫోన్ చూపించి చెల్లించే అలవాటు కదా, జేబులో నోట్ల కట్టతో నడుస్తుంటే మా నాన్న కాలంలోకి వెళ్ళినట్టనిపించింది.

మా బావమరిది స్నేహితుడి కొడుకు, నరసరావుపేట కుర్రాడు, అక్కడ మెడిసిన్ చదువుతున్నాడు. "మెట్రో ఎక్కితే చాలు అంకుల్, మాస్కోలో ఎవరూ తప్పిపోరు" అని ఫోన్‌లో ధైర్యం చెప్పాడు. మెట్రో నిజంగానే అద్భుతం. మన హైదరాబాద్ మెట్రోలో మెట్లెక్కి ఆకాశంలోకి వెళ్తాం, అక్కడ ఎస్కలేటర్ మీద పాతాళానికి దిగుతాం. దిగుతూనే ఉంటాం. పక్కన నిలబడ్డావిడ పుస్తకంలో రెండు పేజీలు తిప్పేసింది, నాకింకా అడుగు కనబడలేదు. ఇంకో తమాషా, చాలా లైన్లలో రైలు ఊరి మధ్యకు పోతుంటే మగ గొంతు, ఊరి బయటికి పోతుంటే ఆడ గొంతు స్టేషన్ పేర్లు చెబుతాయి. ఆఫీసుకి రమ్మని బాస్ పిలుస్తాడు, ఇంటికి రమ్మని భార్య పిలుస్తుంది, అలా గుర్తుపెట్టుకోమంటారు అక్కడివాళ్ళు. గుండ్రంగా తిరిగే లైన్‌లో సవ్యంగా పోతే మగ, అపసవ్యంగా పోతే ఆడ. భాష ఒక్క ముక్క రాకపోయినా కళ్ళు మూసుకుని దిక్కు తెలుసుకోవచ్చు. ప్రతి మెట్టు దగ్గరా ఎడమకా కుడికా అని అడగడం తప్ప ఇంకేమీ తెలియని మా చెట్టుకు ఇంతకంటే దగ్గరి చుట్టం నాకెక్కడా కనబడలేదు.

అయినా తప్పిపోయాను. "అర్బాత్‌స్కయా స్టేషన్ బయట కలుద్దాం అంకుల్" అన్నాడు కుర్రాడు. నేను ఎర్రరంగు వేసిన నక్షత్రం ఆకారపు చిన్న భవనం ముందు నిలబడ్డాను. గోడ మీద అక్షరాలు కూడబలుక్కుని చదివాను, అర్బాత్‌స్కయానే. వాడు రాడు. ఫోన్ చేస్తే "నేనిక్కడే ఉన్నా అంకుల్, మీరేరీ?" అంటాడు. మ్యాప్ తెరిస్తే అది ఇంకా ఘోరం. క్రెమ్లిన్ చుట్టుపక్కల జీపీఎస్ సరిగా పనిచేయనివ్వరు, ఊరి నడిబొడ్డున నిలబడ్డ నన్ను ఎక్కడో విమానాశ్రయంలో చూపిస్తోంది. చివరికి తేలిందేమిటంటే మాస్కోలో అర్బాత్‌స్కయాలు రెండున్నాయి. పేరొకటే, లైన్లు వేరు, లోపల్నుంచి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దారి లేదు. స్మొలెన్‌స్కయాలూ అలాగే రెండు. 1953లో లోతుగా కొత్త లైన్ తవ్వి పైనున్న పాత స్టేషన్లు మూసేశారట. 1958లో పాతవాటిని మళ్ళీ తెరిచారు, పేర్లు మాత్రం ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. చెట్టులో ఒకే పేరు రెండు చోట్ల పెట్టకూడదని క్లాసులో గొంతు చించుకుంటాను. అలా పెడితే ఏమవుతుందో ఆ చలిలో బాగా ఒంటబట్టింది.

మా ఊళ్ళో అయితే ఈ బాధ ఉండదు. 'బై'ల మీద బైలున్న ఇంటి నంబరు చేతిలో పెట్టుకుని ఎవరూ దాన్ని వెతకరు, సందు మొదట్లో కిళ్ళీకొట్టు వాణ్ణి అడుగుతారు. మాస్కోలో కిళ్ళీకొట్టు లేదు. వీధి పేరు, ఇంటి నంబరు, ఆ నంబరులో ఎన్నో బ్లాకు, ఆ బ్లాకులో ఎన్నో కట్టడం, ఎన్నో గుమ్మం, ఎన్నో అంతస్తు, అప్పుడు ఫ్లాటు. ఒక్కో మెట్టే దిగాలి, ఒక్కటి తప్పినా పక్కవాళ్ళ తలుపు కొడతాం. ఊరి మధ్య నుంచి బయటికి పోయే వీధుల్లో నంబర్లు క్రెమ్లిన్ వైపు నుంచి మొదలవుతాయని తెలుసుకున్నాక మాత్రం నాకు కాస్త ఊపిరాడింది. నంబరు పెరుగుతుంటే ఊరికి దూరమవుతున్నామన్న మాట.

కుర్రాడు దొరికాక ఇద్దరం లెనిన్‌కాకు వెళ్ళాం. రష్యా ప్రభుత్వ గ్రంథాలయానికి అది ముద్దుపేరు. 1962 నాటి ఆ వ్యాసం అచ్చు కాగితం మీద చూడాలని నా పంతం. గుమ్మం ముందు దస్తయేవ్‌స్కీ విగ్రహం ఒకటుంటుంది. పాపం, కూర్చున్నాడో లేస్తున్నాడో తెలియని భంగిమ, పైల్స్ డాక్టర్ దగ్గర వంతు కోసం కూర్చున్నాడని మాస్కోవాళ్ళే జోకులేస్తారు. లోపలికి అడుగు పెట్టగానే కోటు విప్పి ఇచ్చేయాలి. కౌంటర్ దగ్గర పెద్దావిడ నా జాకెట్ అందుకుని, కాలర్ లోపలంతా తడిమి, నా మొహం చూసి ఏదో గట్టిగా అంది. "ఉరి లేదంటోంది అంకుల్" అన్నాడు కుర్రాడు. నాకు గుండె జారిపోయింది. తీరా చూస్తే కోటు కొక్కేనికి తగిలించడానికి కాలర్ లోపల ఒక చిన్న దారపు ఉచ్చు ఉండాలట. సికింద్రాబాద్‌లో కొన్న జాకెట్‌కి అదెందుకుంటుంది? గొణుక్కుంటూనే ఎలాగో తగిలించి నంబరు బిళ్ళ చేతిలో పెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు ఆవిణ్ణి గమనించాను. వందల కోట్లు వేలాడుతున్నా ఆవిడ ఏదీ వెతకదు. బిళ్ళ మీద నంబరు చూస్తుంది, ఆ నంబరు కొక్కెం దగ్గరికి వెళ్తుంది, కోటు తెస్తుంది. నిజం చెప్పాలంటే ఇక్కడ మా చెట్టు పని ఏమీ లేదు. అయితే "ఫలానా పేరు తర్వాత వచ్చే పేరువాళ్ళ కోటేది?" అనో, "పేరు 'ల'తో మొదలయ్యేవాళ్ళ కోట్లన్నీ వరసగా తీసుకురా" అనో అడిగితే మాత్రం ఆవిడ చేతులెత్తేస్తుంది. వరస కావాల్సినచోటే చెట్టు కావాలి. కుర్రాడికి ఇది చెబితే "అంకుల్, మీరు సెలవు మీద వచ్చారు" అని గుర్తుచేశాడు.

పాస్‌పోర్టు చూపిస్తే మనలాంటి విదేశీయులకూ రీడర్ కార్డు ఇస్తారు. నాలుగున్నర కోట్లకు పైగా పుస్తకాలూ పత్రికలూ ఉన్న చోటు అది. కంప్యూటర్ క్యాటలాగ్ ఉన్నా చెక్క సొరుగుల వరసలు చూస్తే చేయి ఆగలేదు. మధ్య సొరుగు లాగాను, మనకు కావాల్సింది ముందా వెనకా అని చూసుకుంటూ పోదామని. పోలేకపోయాను. వాళ్ళ అక్షరమాలలో మూడోది 'వ', నాలుగోది 'గ', ఐదోది 'ద'. మన అ-ఆ-ఇ-ఈ, క-ఖ-గ-ఘ నరాల్లో ఇంకిపోయి ఉంటాయి కాబట్టి తెలుగు నిఘంటువు తీస్తే వేలు దానంతటదే సరైన పేజీకి పోతుంది. ఇక్కడ ప్రతి కార్డు దగ్గరా 'ఆ, బే, వే, గే' అని మొదటి నుంచీ పాడుకోవాల్సి వచ్చింది. ఇరవై మెట్ల గొప్ప అంతా ఏది ముందో ఏది వెనకో క్షణంలో చెప్పగలిగితేనే. నేను 'గే' దాకా వచ్చేసరికి లైబ్రేరియన్ నా భుజం మీదుగా చేయి చాపి కార్డు లాగి చూపించింది. ఆవిడ సగం సగం చేసుకుంటూ కూడా రాలేదు, తిన్నగా వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ కార్డులు తన చేత్తో సర్దినావిడ మరి. పెట్టేటప్పుడు పడ్డ శ్రమ తీసేటప్పుడు కనబడదు, అదెల్సన్-వెల్‌స్కీ, లాండిస్‌లు చేసిందీ అదే. వెతికే పద్ధతిలో వాళ్ళు ఏమీ మార్చలేదు, చేర్చే పద్ధతి మార్చారు.

పుస్తకాల గిడ్డంగి 19 అంతస్తులు. సంపుటి అందులోంచి రావాలి, తర్వాత రండి అన్నారు. సరే, ఆకలి.

అక్కడి 'స్తలోవయా'లు మన పాత ఆంధ్రా మెస్సులకు చుట్టాలే. కాకపోతే విస్తరి వేసి వడ్డించేవాడు లేడు. పళ్ళెం పట్టుకుని వరసలో నడుస్తూ గిన్నె గిన్నెకూ వేరే ధర చెల్లించాలి. బీట్‌రూట్ పులుసు లాంటి బోర్ష్ మీద గరిటెడు మీగడ వేసిచ్చింది వంటావిడ. ఎర్రగా ఉంది కదా, ఘాటుగా ఉంటుందనుకున్నాను. తియ్యగా ఉంది. దాని మీద చల్లింది కొత్తిమీర అనుకుని సంతోషపడ్డాను, సోయికూర. పక్కనున్న బంగాళాదుంప మీదా సోయికూరే, దోసకాయ ముక్కల మీదా సోయికూరే. కాఫీలో లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. గ్రేచ్కా అనే ఉడకబెట్టిన గోధుమరంగు గింజలు మాత్రం భలే నచ్చాయి, కుర్రాడు బ్యాగులోంచి కారప్పొడి పొట్లం తీసి చల్లాక మరీను. కెఫీర్ అడగండి, మజ్జిగ మీద బెంగ తీరుతుంది. మాంసం తిననివాళ్ళు బంగాళాదుంప కూరిన వరేనికీ అడగొచ్చు. కడుపు నిండుతుంది, ధర కూడా మరీ ఎక్కువేం కాదు.

భోజనమయ్యాక త్రెత్యకోవ్‌స్కయాలో నారింజరంగు లైన్ ఎక్కాం. ఆడ గొంతు మొదలైంది, ఊరి బయటికి పోతున్నాం. ఆ లైన్‌లో దక్షిణం వైపు మొదటి ఐదు స్టేషన్లు 1962 అక్టోబరు 13న తెరిచారు. మా వ్యాసం వచ్చిన ఏడాదే! రైల్లో కూర్చుని నోట్‌బుక్ తీశాను. అప్పటి ఐదు స్టేషన్ల పేర్లూ, రైలు ఆగే వరసలోనే, చెట్టులో చేరుస్తూ పోదామన్నాను. అక్షరక్రమం రష్యన్‌దే పెట్టుకున్నా, ఇంగ్లీషుదే పెట్టుకున్నా ఈ ఐదు పేర్ల వరస ఒకటే. వీటి మొదటి అక్షరాలు ఏ, ఎల్, ఎన్, ఓ, పీ.

మొదటిది ఒక్త్యాబ్ర్‌స్కయా, అంటే ఓ. పైన పెట్టాం. రెండోది లెనిన్‌స్కీ ప్రోస్పెక్త్, ఎల్, ఓ కంటే ముందు కాబట్టి ఎడమకు. మూడోది అకదెమీచెస్కయా, ఏ, ఇంకా ఎడమకు. ఇప్పుడు ఓ కింద ఎడమవైపు ఎత్తు రెండు, కుడివైపు సున్నా. తేడా ఒకటి దాటింది. అదెల్సన్-వెల్‌స్కీ, లాండిస్ మాట ప్రకారం ఇక్కడ తిప్పాలి. మధ్యనున్న ఎల్ పైకి లేస్తుంది, ఏ దాని ఎడమన ఉంటుంది, ఓ దాని కుడికి దిగుతుంది. ఏది ముందు ఏది వెనక అనే వరసలో మాత్రం వెంట్రుకవాసి మార్పు లేదు. బొమ్మ పూర్తయిందో లేదో ఆడ గొంతు "అకదెమీచెస్కయా" అంది. మేం దిగాల్సిన స్టేషన్ అదే. సరిగ్గా చెట్టు తిరిగినచోట రైలు దిగాం, కావాలని ప్లాన్ చేసినా ఇంత బాగా కుదరదు.

ప్లాట్‌ఫారం బెంచీ మీద మిగిలినవీ చేర్చాం. ప్రొఫ్‌సయూజ్నయా, పీ, ఓకి కుడిన. నోవియె చెర్యోముష్కీ, ఎన్, ఓకి ఎడమన. ఇంక తిప్పే పని లేదు. ఐదు పేర్లకు మూడు మెట్లు. అదే ఐదు పేర్లూ అక్షరక్రమంలో ఇచ్చి తిప్పకుండా వదిలేస్తే ఐదు మెట్ల తాడు తయారయ్యేది. కుర్రాడు ఊరుకోలేదు. "మధ్యలో షబోలొవ్‌స్కయా వచ్చింది కదంకుల్, దాన్ని వదిలేశారేం?" అన్నాడు. ఆ స్టేషన్ మిగతావాటితో తెరవలేదు, 1980లో తెరిచారు. సరే, పద్దెనిమిదేళ్ళు ఆలస్యంగా దాన్నీ చేర్చాం. రష్యన్‌లో 'ష' చివర్లో ఎక్కడో ఉంటుంది కాబట్టి పీకి కుడిన పడింది. చూస్తే పైనున్న ఎల్ దగ్గర కుడి ఎత్తు మూడు, ఎడమ ఎత్తు ఒకటి. మళ్ళీ తిప్పాలి! ఓ తిరిగి పైకొచ్చింది, ఎల్ దాని ఎడమకు దిగింది, ఎన్ ఓని వదిలి ఎల్ కిందికి చేరింది. ఆరు పేర్లయినా మెట్లు మూడే. మందులూ ఎముకలూ తప్ప వేరే చదువు పడని ఆ పిల్లాడు నోట్‌బుక్ లాక్కుని బొమ్మ ఫొటో తీసుకున్నాడు. క్లాసులో ఈ సుఖం నాకెప్పుడూ దొరకలేదు.

దిమిత్రీ ఉల్యానొవ్ వీధి మీదుగా నడిచి, బల్షాయా చెర్యోముష్కిన్‌స్కయా వీధి పట్టుకున్నాం. దిమిత్రీ అంటే లెనిన్ తమ్ముడు. ఆకులు పసుపుపచ్చగా రాలుతున్నాయి, పక్కనే ట్రాములు. 25వ నంబరులో ఉంది సిద్ధాంత, ప్రయోగ భౌతికశాస్త్ర సంస్థ. పొట్టిగా ఇతెఫ్. జమీందార్ల పాత తోటబంగళా ఆవరణలో 1945లో పెట్టారు. 1949లో భారజలంతో నడిచే రియాక్టర్‌ను ఆ తోటలోనే వెలిగించారు. అదెల్సన్-వెల్‌స్కీ పనిచేసింది ఇందులోనే, లాండిస్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పేవాడు. పాస్ లేనిదే లోపలికి పోనివ్వరని ముందే తెలుసు కాబట్టి గేటు బయట నిలబడి గోడను, చెట్లను చూసి తృప్తిపడ్డాను. రోడ్డుకు అవతల 28వ నంబరు, ఆ జమీందార్ల గుర్రపుశాల. అందులో కడుపులో పురుగుల మీద పరిశోధన చేసే సంస్థ ఉంది! అణువులు ఈ పక్క, నులిపురుగులు ఆ పక్క.

కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన మమ్మల్ని అనుమానంగా చూస్తూ ఆగాడు. కుర్రాడు వచ్చీరాని రష్యన్‌లో సంగతి చెప్పాడు, నేను నోట్‌బుక్ చూపించాను. ఆయన ఆ కొమ్మల బొమ్మ చూసి "షాఖ్మతీ?" అన్నాడు. చదరంగమా అని. ఎత్తుకు పైఎత్తు వేసుకుంటూ పోయే చెట్టనుకున్నాడు. ఆయన అనుకున్నదీ తప్పు కాదు. చదరంగం ఆడే ప్రోగ్రాం రాసినవాళ్ళలో అదెల్సన్-వెల్‌స్కీ ఒకడు. 1966, 67లో ఇతెఫ్ ప్రోగ్రాం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ ప్రోగ్రాంతో టెలిగ్రాఫ్ మీద నాలుగు ఆటలాడి 3-1తో గెలిచింది. ఎత్తులు తంతి మీద పోవడం, జవాబు కోసం ఎదురుచూడటం, ఊహించుకుంటే నవ్వొస్తుంది. నేను "కైస్సా" అన్నాను. పెద్దాయన మొహం వెలిగిపోయింది. "స్టాక్‌హోమ్! డెబ్భై నాలుగు!" అన్నాడు. 1974లో స్టాక్‌హోమ్‌లో మొట్టమొదటి ప్రపంచ కంప్యూటర్ చదరంగ పోటీ గెలిచింది కైస్సా అనే ప్రోగ్రామే. పాత ఎన్టీఆర్ సినిమా పేరెత్తితే మా పెదనాన్న మొహం అలాగే వెలుగుతుంది.

ఆయన మమ్మల్ని వదల్లేదు, పేటంతా తిప్పాడు. చెర్యోముష్కీ అంటే రష్యాలో తెలియనివాళ్ళుండరు. యుద్ధం తర్వాత ఇళ్ళు లేక ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం తలదాచుకున్న రోజుల్లో, 1950ల చివర, ఐదంతస్తుల లిఫ్టు లేని ఫ్లాట్లు ఫ్యాక్టరీలో పలకలు పోసి తెచ్చి నిలబెట్టే ప్రయోగం ఇక్కడ చేశారు, తర్వాత దేశమంతా అవే. షొస్తకోవిచ్ అంతటి సంగీతకారుడు ఈ పేట పేరు మీద ఒక సంగీత నాటకం కట్టాడు. మన హౌసింగ్ బోర్డు కాలనీల మీద ఎవరైనా కడితే బాగుండు. అన్నీ ఒకేలా ఉన్న ఇళ్ళ మధ్య మా ఇల్లు ఏదో ఎలా గుర్తుపట్టేవాళ్ళని పెద్దాయన నవ్వాడు. అది వేళాకోళం కాదు, దాని మీద ఒక సినిమానే ఉంది. ఎల్దార్ ర్యజానోవ్ తీసింది, 1976 జనవరి 1న టీవీలో వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు 'ఐరనీ ఆఫ్ ఫేట్' అంటారు. మాస్కో డాక్టరొకడు తాగిన మత్తులో లెనిన్‌గ్రాద్ విమానం ఎక్కేస్తాడు. దిగి టాక్సీ ఎక్కి తన అడ్రసు చెబుతాడు, మూడో బిల్డర్ల వీధి, 25వ ఇల్లు, 12వ ఫ్లాటు. ఆ వీధి అక్కడా ఉంది, ఆ ఇల్లూ ఉంది, తాళంచెవి కూడా పట్టింది! అర్బాత్‌స్కయా ముందు నేను పడ్డ పాటే, కాకపోతే హీరోకి చివర్లో హీరోయిన్ దొరికింది, నాకు కుర్రాడు దొరికాడు. ఇప్పటికీ ప్రతి కొత్త సంవత్సరానికీ రష్యన్లు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ సినిమా చూస్తారు.

తిరుగుదారిలో జూబొవ్‌స్కీ బుల్వార్ మీద కాసేపు నడిచాను. అది నా వయసు తెలుగువాళ్ళ పిచ్చి. విశాలాంధ్ర వ్యానులో రూపాయికీ రెండ్రూపాయలకీ కొన్న ప్రగతి ప్రచురణాలయం పుస్తకాల్లో '17, జూబొవ్‌స్కీ బుల్వార్, మాస్కో' అని అచ్చయి ఉండేది. ఉప్పల లక్ష్మణరావు గారు మాస్కోలో ఉండి తెలుగు చేసిన పుస్తకాలు చదివి పెరిగాం. మాస్కో మొత్తంలో వెతక్కుండానే నాకు తెలిసిన అడ్రసు అదొక్కటే.

లెనిన్‌కాలో సంపుటి వచ్చి కూర్చుంది. పలచని కాగితం, చిన్న అచ్చు. 'దొక్లాదీ అకదేమీ నౌక్' అనే పత్రిక, వ్యాసం పేరు తెలుగులో చెప్పాలంటే 'సమాచారాన్ని అమర్చే ఒక పద్ధతి'. మొత్తం నాలుగు పేజీలు! మా సిలబస్‌లో దీన్ని వారాల తరబడి నూరుతాం. ఆ రోజుల్లో సోవియట్ యంత్రాల్లో పేరున్న ఎం-20కి ఉన్న ప్రధాన మెమరీ 4,096 పదాలు, సెకనుకు ఇరవై వేల లెక్కలు. ఒక్కో పేరు దగ్గర ఎడమ ఎక్కువా, కుడి ఎక్కువా, సమానమా అన్నది రాసుకోవడానికి రెండు బిట్లు చాలడం అప్పట్లో ఎంత పొదుపో మన ఫోన్ల కాలంలో అర్థం కాదు. ఇరవై మెట్ల చోట ఎంత చెడ్డా 28 అన్నాను కదా, ఆ ఎత్తు హద్దు వెనకున్న 1.44 రెట్లు అనే లెక్క ఫిబొనాచ్చీ సంఖ్యల చలవ. తర్వాత్తర్వాత వేరే సమతూకపు చెట్లూ వచ్చాయి. 1978లో గీబాస్, సెడ్జ్‌విక్ పేరుపెట్టిన రెడ్-బ్లాక్ చెట్టే ఇప్పుడు లినక్స్‌లో, జావాలో ఎక్కువ వాడుకలో ఉంది. అది తక్కువసార్లు తిరుగుతుంది, నిజమే. చేర్పులు తక్కువ, వెతుకులాట ఎక్కువ ఉన్నచోట మాత్రం నా ఓటు ఏవీఎల్‌కే. అందులో ఎందుకు తిప్పామో పిల్లాడికి వేలు పెట్టి చూపించొచ్చు, రెడ్-బ్లాక్ రంగులు ఎందుకు మారాయో చెప్పేసరికి గంట కొట్టేస్తారు. లాండిస్ 1997లో మాస్కోలోనే పోయాడు. ఇజ్రాయెల్ వెళ్ళి స్థిరపడ్డ అదెల్సన్-వెల్‌స్కీ 2014లో పోయాడు.

మీరు వెళ్తే సెప్టెంబరు చివర్లో వెళ్ళండి, ఆకులు రంగు మారతాయి, చలి ఇంకా ఎముకల్లోకి దిగదు. నోట్లు పట్టుకెళ్ళండి. జాకెట్ కాలర్ లోపల దారంతో చిన్న ఉచ్చు కుట్టించుకోండి. ఎవరైనా అర్బాత్‌స్కయా దగ్గర కలుద్దామంటే ఏ రంగు లైనో అడగండి. లెనిన్‌కాలో అడగాల్సింది 1962 నాటి సంపుటి 146, సంచిక 2, పేజీ 263. రష్యన్ రాకపోయినా పర్వాలేదు, డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్ళకు లాగరిథం గుర్తు కనబడగానే దారి తెలుస్తుంది. పాస్‌పోర్టు మర్చిపోకండి, అది లేకపోతే కార్డు ఇవ్వరు.